ఆకుపచ్చ గుండీ

పోయినవారం మనం హాల్లో దీపాలు ఆర్పేసి, టైలరమ్మని మూడో వరసలో కూర్చోబెట్టి, ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం ఆవిడ వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. ఒడిలో చేతిసంచీ, సంచీ మీద రెండు చేతులు. చివరి వరసలో, తలుపు పక్కన, ఆవిడ అన్నయ్య ఉన్నాడు. ఆయన టికెట్టు కొనుక్కుని లోపలికి రావడం చూసి టైలరమ్మ కూతురు మొహం మాడ్చుకుంది. సరిగ్గా అక్కడ కరెంటు తీసినట్టు మనం ఆపేశాం.

మధ్యలో బండెక్కినవాళ్ళ కోసం పాత సంగతి కాస్త చెప్పుకోవాలి. టైలరమ్మ భర్తని ఊరంతా ఉడుం అని పిలిచేది. ఊరి చివర నిటారుగా లేచిన రాతికొండ మీద అతని పట్టు అలాంటిది. అతను ఎక్కుతుంటే కింద నిలబడి తాడు రెండో కొస పట్టుకునేవాడు బావగారు, అంటే టైలరమ్మ అన్నయ్య. వాళ్ళ జట్టులో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కబోయేవాడు నడుము పట్టీకి తాడు ముడి వేసుకుంటాడు. రెండోవాడు ఆ ముడిని చేత్తో పట్టుకుని, కళ్ళారా చూసి, "చూశాను" అని పైకి అనాలి. ఆ మాట చెవిన పడకుండా ఎవడూ నేల వదలకూడదు. ఇరవై మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఉడుం ఆ మాట విన్నాకే నేల వదిలాడు. పైదాకా ఎక్కాడు. దిగడానికి తాడు మీద బరువు వేసి వెనక్కి వాలాడు. ముడి సగమే వేసి ఉంది.

"చూశానన్నాను. చూడలేదు." ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఆమె అన్నయ్య చెప్పిన మాట ఇదొక్కటే. ఎందుకు చూడలేదని ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా నోరు విప్పలేదు. చెల్లెలు ఆయన మొహాన తలుపు వేసింది. మళ్ళీ తియ్యలేదు. ఆయన కొండ మానేసి లిఫ్టు మెకానిక్ అయ్యాడు. ప్రతి తాడూ మూడుసార్లు తడిమి చూస్తాడనీ, ఆయన బాగుచేసే లిఫ్టు కోసం ఎదురుచూసేకంటే మెట్లెక్కడం నయమనీ ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వేవాళ్ళకేం తెలుసు.

ఇక ఇవాళ్టి సినిమా సంగతి. ఉడుంని ఊళ్ళోకి తేవడానికి ఆ రోజు స్ట్రెచర్ లేక, ఎవరింటిదో తలుపు ఊడదీసి దాని మీద మోసుకొచ్చారు. అప్పుడు నాలుగేళ్ళ పిల్ల, ఇప్పుడు అత్యవసర వార్డులో నర్సు అయిన కూతురు ఆ తలుపు సంగతి విన్నప్పటినుంచీ ఒకటే పట్టు పట్టింది. కొండ కింద ఒక మడత స్ట్రెచరూ, తాళ్ళూ, వాటికో గదీ ఉండాలి. అందుకే ఆదివారం మధ్యాహ్నం సంఘం హాలు కిటికీలకి నల్లగుడ్డ కట్టించి, ఊళ్ళోవాళ్ళందరికీ టికెట్లు అంటగట్టి, ఆ కొండ ఎక్కిన మనుషుల చరిత్ర మీద తీసిన డాక్యుమెంటరీ వేయిస్తోంది. దానికి పేరు ఏదో బారెడుంది. ఊళ్ళో అందరూ కొండ సినిమా అంటున్నారు, మనమూ అదే అందాం.

*

మొదటి అరగంట హాలంతా నవ్వులే. నూరేళ్ళ కిందటి మనుషులు కోట్లూ టోపీలూ వేసుకుని, నార తాడు మొలకి చుట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నంత దర్జాగా కొండెక్కారు. పట్టీలూ లేవు, కొక్కేలూ లేవు. ఒకడు పడితే రెండోవాడూ వెంట పడతాడు, అదొక్కటే భరోసా. చీలమండల దాకా గౌను వేసుకొచ్చిన ఒక మహాతల్లి, గౌను విప్పి రాయి కింద పెట్టి లోపలి లాగుతో ఎక్కేసిందట. దిగొచ్చేసరికి గౌను గాలికి ఎగిరిపోయిందట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే టైలరమ్మ మాత్రం అంత కుచ్చుల గౌనుకి గుడ్డ ఎన్ని గజాలు పట్టి ఉంటుందా అని చూసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదది, ముప్ఫై ఏళ్ళ మిషను తొక్కుడుతో వచ్చిన బుద్ధి.

తరవాత ఇనప మేకులు వచ్చాయి. మేకుల తరవాత నైలాను తాడు వచ్చింది. ఆ తరవాత బొమ్మకి రంగులొచ్చాయి, నడుము పట్టీలు వచ్చాయి. ఆ పట్టీలు తెర మీద కనబడగానే టైలరమ్మ చేతులు సంచీ మీద బిగుసుకున్నాయి. అప్పట్లో అవి బజార్లో దొరక్కపోతే తనే కుట్టింది, ఒక్కో చోట ఆరేసి వరసల కుట్టు. ఉడుం పట్టీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు ఆమె దాన్ని వెలుతుర్లో పెట్టి చూసింది. ఒక్క పోగు తెగలేదు.

ఉన్నట్టుండి అతను వచ్చాడు.

ఎవరితోనో మాట్లాడుతూ పక్కనుంచి తెర మధ్యకి నడిచి వచ్చాడు, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చినట్టు. ఆమె దగ్గర అతని ఫోటోలు ఉన్నాయి గానీ ఫోటోలు నడవవు. కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడని ఆమె మర్చిపోయింది. ఎలా మర్చిపోయిందో ఆమెకే తెలియలేదు, పన్నెండేళ్ళు ఆ కాలు చప్పుడు విని తలుపు తీసిన మనిషి. ఏడుపు గొంతు దాకా వచ్చింది. మింగింది. తెర మసకబడితే అతను కనబడడు కదా.

అతను పట్టు జారకుండా చేతులకి తెల్లపొడి రాసుకుంటున్నాడు. కెమెరా ఆ చేతుల దగ్గరికి వెళ్ళింది. తెర కింద మూల చిన్నగా తారీఖు కూడా పడింది గానీ ఆమె చూసింది చేతుల్నే. ఎడమచేతి మణికట్టు దగ్గర ఆకుపచ్చ గుండీ.

ఆ చొక్కా తను ముందు రోజు పొద్దుపోయాక పూర్తిచేసింది. అన్నీ తెల్లగుండీలు కుట్టి, ఎడమ మణికట్టుకి వచ్చేసరికి డబ్బాలో తెల్లవి అయిపోయాయి. ఈసారికి ఇది కుట్టేసి రేపు మారుస్తాలే అనుకుంది. తెల్లారి అతను దాన్నే తొడుక్కుని, "గుండీ మార్చకు, బావుంది. నన్ను గుర్తుపట్టడానికి పనికొస్తుంది," అని వేళాకోళమాడి వెళ్ళాడు. ఆ చొక్కా అతని ఒంటి మీదికి ఎక్కింది ఆ ఒక్క పూటే. అంటే తను చూస్తున్నది ఆ ఉదయాన్నే.

తెర మీద అతను తాడు తీసుకున్నాడు. ఈ ముడి రెండు దశల్లో వెయ్యాలి. ముందు తాడు మీద ఎనిమిది అంకెలాంటి మెలిక వేసి, కొసని పట్టీలోంచి దూర్చాలి. తరవాత ఆ కొసని వచ్చిన దారినే వెనక్కి తిప్పి ఎనిమిదిని జంట ఎనిమిది చెయ్యాలి. అతను మొదటిది వేశాడు. కొస పట్టీలోంచి దూర్చాడు. అప్పుడు ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. పక్కనున్న బావగారూ తిప్పాడు. ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి. మాటలు వినబడలేదు, సన్నగా వేణువు లాంటి సంగీతం ఏదో వస్తోంది. బొమ్మ మారిపోయింది, కొండ మీద పొగమంచు కనబడింది. వెంటనే దీపాలు వెలిగాయి, ఇంటర్వెల్.

*

సంఘం సెక్రటరీ మైకు అందుకుని స్ట్రెచర్ ఎంత అవసరమో వివరించడం మొదలుపెట్టాడు. వినేవాడుంటే చెప్పేవాడికి అలుపేముంది. జనం టీ బల్ల వైపు కదిలారు. టైలరమ్మ లేచి, వాళ్ళకి ఎదురుగా, వెనక వరసకి నడిచింది. కూతురు వేదిక దగ్గర కాగితాలు సర్దుకుంటోంది, చూడలేదు.

"అన్నయ్యా."

లిఫ్టు మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో ఆయనకి లెక్క ఉంది.

"ఎవర్ని చూస్తున్నారు మీ ఇద్దరూ?" అంది.

"ఎక్కడ?"

"నా దగ్గర నాటకాలొద్దు. ఇందాక, తెర మీద. ఆయన ముడి ఆపి తలతిప్పాడు, నువ్వూ తిప్పావు."

"కెమెరాని చూసుంటాం చెల్లాయ్. ఎన్నేళ్ళ నాటి సంగతి. ఎవరికి గుర్తుంటుంది."

"కెమెరా మీకు ఎదురుగా ఉంది. మీరు చూసింది పక్కకి. పక్కకి, కిందికి." ఆమె గొంతు పెంచలేదు. "పొద్దున లేస్తే మనుషుల్ని కొలవడమే నా పని. ఎవరి ఎత్తు చూడాలంటే గడ్డం ఎంత దిగుతుందో నాకు తెలుసు. ఆయన చూసింది పెద్దవాళ్ళని కాదు. మోకాలెత్తు మనిషిని."

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"పాపని మీ ఇంట్లో వదిన దగ్గర దింపి కొండకి వెళ్తానన్నాడు ఆయన ఆ రోజు," అంది ఆమె. "దింపాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. సాయంత్రం నేను పాపని తెచ్చుకున్నది కూడా వదిన చేతుల్లోంచే. అన్నయ్యా, పాప ఆ పొద్దున వదిన దగ్గర లేదు కదూ?"

"ఇంటికి పో చెల్లాయ్."

"లేదు కదూ?"

"నీకు నా మీద కోపం ఉంది. అది అలాగే ఉండనీ." ఆయన బతిమాలుతున్నాడు. అరవై దాటిన మనిషి. "నాకూ అలవాటైపోయింది, నీకూ అలవాటైపోయింది. ఇప్పుడు దాన్ని తీసేస్తే ఆ చోట ఏం పెట్టుకుంటావు?"

ఆవిడ తిరిగి చూస్తే వెనకాల డాక్యుమెంటరీ తీసిన అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో టీ కప్పుతో. ఆ ఉదయం కెమెరా పట్టింది ఊళ్ళో ఫోటో స్టూడియో ఆయన. కిందటేడు ఆయన పోయాక అటక మీద పెట్టెలో టేపులు దొరికితే, ఆయన కూతురు వాటితోనే ఈ సినిమా మొదలుపెట్టింది.

"మాటలు తీసెయ్యమని అంకుల్ అడిగారండీ," అంది ఆ అమ్మాయి మెల్లగా. "మూడుసార్లు మా ఇంటికొచ్చారు. అసలా ముక్కే తీసెయ్యమన్నారు. మీవారు ముడి వేస్తున్న బొమ్మ ఇదొక్కటే ఉంది, తియ్యబుద్ధి కాలేదు. మాటలు తీసి సంగీతం పెట్టాను. అది నా తప్పే."

"ఆ మాటలు నీ దగ్గరున్నాయా?"

అమ్మాయి లిఫ్టు మెకానిక్ వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఉన్నాయి," అంది.

*

సినిమా వేసే గది పేరుకే గది. పాత కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మిగిలిన చోట ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు. గోడకి చదరపు కంత, అందులోంచి హాలు కనబడుతుంది. అమ్మాయి ఏదో నొక్కి చెవులకి పెట్టుకునేవి ఇచ్చింది. ఒక్క జతే ఉంది. టైలరమ్మ పెట్టుకుంది. ఆమె అన్నయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన వినక్కర్లేదు. ఆ మాటలు ఆయనకి కంఠతా వచ్చు.

మొదట గాలి వినబడింది. తరవాత కొక్కేలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. ఆ తరవాత అతను, ఏదో కూనిరాగం తీస్తూ, శ్రుతి లేకుండా. స్నానాల గదిలో తీసే రాగమే. బల్ల అంచు పట్టుకుంది టైలరమ్మ.

"నాన్నా, నేనే వేశాను. ఎవరూ వెయ్యలేదు, నేనే. చూడు."

ఆ గొంతు ఎవరిదో తల్లికి వేరే చెప్పాలా.

"ఏదీ?"

"మామయ్యా, నువ్వు కూడా చూడు."

కంప్యూటరు తెర మీద సినిమాలో లేని ముక్క కూడా నడుస్తోంది. అతను తాడు కొస వదిలేశాడు. వంగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిల్ల రాతి మీద కాళ్ళు చాపుకుని ఉంది, ఎర్ర బూటు, దానికి వంకరటింకర ముడి. అతను బొటనవేలితో ఆ ముడిని నొక్కి చూశాడు. మణికట్టు దగ్గర ఆకుపచ్చ గుండీ మెరిసింది.

"అబ్బో, గట్టిగా వేశావే," అన్నాడు.

పిల్ల కిలకిలా నవ్వింది. అతను లేచాడు, చేతులు దులుపుకున్నాడు, కొండ వైపు తిరిగాడు. తాడు నడుముకి వేలాడుతూనే ఉంది, చొక్కా అంచు దాని మీద పడింది, దూరానికి అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంది. బావగారు చెయ్యి చాచి ఆ ముడి పట్టుకున్నాడు. మొహం మాత్రం పిల్ల వైపే ఉంది, పిల్ల నవ్వుతుంటే ఆయనా నవ్వుతున్నాడు.

"చూశాను," అన్నాడు.

"పైనుంచి చెయ్యి ఊపుతాను బుజ్జీ, చూస్తూ ఉండు," అన్నాడు ఉడుం.

అక్కడ ఆగిపోయింది. టైలరమ్మ మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ విన్నాక ఇంకోసారి అడగబోయి మానేసింది. చెవులవి తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, పదోరోజున ఏడవలేదు, ఊరంతా గుండె రాయి అని చెప్పుకున్న మనిషి. పాత కుర్చీల దొంతరకి ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పిల్లకి వినబడుతుందేమోనన్న భయంతో ఏడ్చింది.

"వెళ్ళేసరికి మా ఇంటికి తాళం వేసి ఉంది," అన్నాడు ఆమె అన్నయ్య. "మీ వదిన బజారుకెళ్ళింది. గంటలో వచ్చేస్తాం కదా, పిల్లని తీసుకుపోదాం బావా అన్నాడు మీ ఆయన. సరేనన్నాను. పడ్డప్పుడు అది చూడలేదు చెల్లాయ్, ఒట్టు. స్టూడియో ఆయన దాన్ని గులకరాళ్ళు ఏరడానికి అటు తీసుకెళ్ళాడు. అట్నుంచి అటే మీ వదిన దగ్గరికి చేర్చాడు. ముగ్గురం ఒట్టేసుకున్నాం."

"వదినకి తెలుసన్నమాట."

"తెలుసు."

"వదిన పోయినప్పుడు కూడా నేను రాలేదు." ఆమె కొంగు నోటి మీదినుంచి తీసింది. "వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగి పోయాను అన్నయ్యా."

"చూశాను. గుమ్మంలోనే ఉన్నాను నేను." "నువ్వు వస్తే రానివ్వు, రాకపోతే ఏమీ అనకు అని చెప్పే పోయింది మీ వదిన."

డాక్యుమెంటరీ అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. హాల్లో సెక్రటరీ ఉపన్యాసం ఇంకా సాగుతోంది. ఒకందుకు ఆయన మంచే చేస్తున్నాడు.

"నాలుగేళ్ళ పిల్ల బూటు ముడి వేసుకుంది. అందులో దాని తప్పేముంది?" అంది టైలరమ్మ.

"ఏమీ లేదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. దానికి ఎవరు చెప్తారు? చెప్తే మాత్రం నమ్ముతుందా?" అన్నాడు ఆయన. "చూడాల్సింది నేను. చూడలేదు. ఊళ్ళో అందరికీ ఆ ఒక్క మాటే చెప్పాను, అందులో అబద్ధం లేదు. మిగతాది చెప్పలేదంతే."

నిజమే, ఆ పిల్లకి తండ్రి గురించి ఉన్న జ్ఞాపకం ఒకే ఒక్కటి. నాన్న తన బూటు ముడిని బొటనవేలితో నొక్కి, గట్టిగా వేశావే అన్నాడని. బళ్ళో చెప్పింది, కాలేజీలో చెప్పింది, నిద్రపట్టని రోగులకి వార్డులో చెప్తుంది. ఏ రోజు జరిగిందో దానికి తెలియదు. ఏదో ఒక మామూలు రోజు, ఇంటి గుమ్మంలో అనుకుంటుంది. తండ్రి ఆస్తి అంతా ఆ పిల్లకి అదే. దాన్ని చేతిలోంచి లాక్కుంటే ఇక ఏం మిగులుతుందో టైలరమ్మకి తెలుసు. కాబట్టే కన్నీళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు నేను నీతో మాట్లాడితే ఎందుకని అడుగుతుంది," అంది.

"అడుగుతుంది. దానిది వాళ్ళ నాన్న పట్టు."

"అంటే మాట్లాడకూడదు."

"ఇన్నేళ్ళు ఉన్నావుగా. కొత్తేముంది."

"ఇన్నేళ్ళూ కోపంతో ఉన్నాను. అది తేలిక."

ఆమె ఆయన చొక్కా వైపు చూసింది. మణికట్టు దగ్గర పట్టీ పీకిపోయి దారం వేలాడుతోంది. వదిన పోయాక చూసేవాళ్ళు లేరు మరి. సంచీలోంచి చిన్న కత్తెర తీసి, ఆయన చెయ్యి పట్టుకుని, ఆ దారం కత్తిరించింది. దారపు ముక్క సంచీలో వేసుకుంది. కత్తెర కూడా వేసుకుని, వెనక్కి చూడకుండా గది దాటి వెళ్ళింది.

*

నడవాలో కూతురు ఎదురైంది. నర్సులకి మొహాలు చదవడం ఉద్యోగంలో భాగం.

"ఏడ్చావా?"

"మీ నాన్న నడక చూశాను కదే. ఆగలేదు."

"ఆయన కూడా ఆ గదిలోంచే వస్తున్నాడేంటి?" మామయ్య అనదు ఆ పిల్ల, ఎప్పుడూ ఆయన అనే. "ఏమన్నాడు నీతో?"

"ఏమంటాడు? దారికి అడ్డంగా నిలబడితే తప్పుకోమన్నాను," అంది టైలరమ్మ. అన్నయ్యని చూడకుండా, ఆయనకి వినబడేలా అంది. ఆయన తల వంచుకుని తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకి ఎంత కష్టమైందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

టీలు అయిపోయాయి. జనం సర్దుకున్నారు. సెక్రటరీ ఎట్టకేలకి మైకు వదిలాడు, కూతురు అందుకుంది. రెండో సగం మొదలయ్యే ముందు రెండు నిమిషాలు తను మాట్లాడాలి. కాగితం మీద రాసుకొచ్చింది, కానీ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"స్ట్రెచర్ గురించి సెక్రటరీ గారు మొత్తం చెప్పేశారు, నాకేం మిగల్చలేదు," అంది. హాలు నవ్వింది. "నేను మా నాన్న గురించి ఒక్కటి చెప్తాను. నాకు ఆయన గురించి గుర్తున్నది ఒక్కటే. చిన్నప్పుడు నేను బూటు ముడి వేసుకుంటే, బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా వేశావే అన్నారు. మొహం కూడా గుర్తులేదు నాకు. చెయ్యి గుర్తుంది."

ముందు వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. టైలరమ్మ కదల్లేదు. అయిపోయింది, ఇక సినిమా వెయ్యమంటుంది అనుకుంది.

"చెయ్యి అంటే మొత్తం చెయ్యి," అంది కూతురు. "వేళ్ళు, తెల్లపొడి, చొక్కా మణికట్టు. ఇంకోటి ఉంది, అది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని. ఆ మణికట్టు దగ్గర ఆకుపచ్చ గుండీ ఒకటి ఉంటుంది. మిగతావన్నీ తెల్లవి. నేనే కల్పించుకున్నానేమో అనుకునేదాన్ని. ఇందాక తెర మీద చూశాను."

కూతురు మైకు కాస్త దించింది.

"ఆ ముక్క కింద తారీఖు వేశారు. ఆఖరి రోజు." ఆ పిల్ల ఇప్పుడు జనంతో మాట్లాడటం లేదు. మూడో వరస వైపే చూస్తోంది, మొహంలో రంగు మారుతోంది. "అమ్మా, నాన్నకి చొక్కాలన్నీ నువ్వే కుట్టేదానివి కదా. ఆ చొక్కా ఆయన ఎన్నిసార్లు తొడుక్కున్నాడు?"

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

"చాలాసార్లు," అన్నాడు లిఫ్టు మెకానిక్. గొంతు గట్టిగానే ఉంది. "దాన్నే తిప్పి తిప్పి తొడిగేవాడమ్మా. మీ నాన్నకి ఆ చొక్కా అంటే ప్రాణం."

కూతురు ఆయన వైపు తిరగనైనా తిరగలేదు.

"నేను అడిగింది మా అమ్మని," అంది.

టైలరమ్మ సంచీ పక్క కుర్చీలో పెట్టి లేచి నిలబడింది.